సిద్దమ్మ పాలచీటీ

మదనపల్లె,
12 ఆగస్టు 2003.

ప్రియమైన లతక్కకు,

చెల్లెలు నవనీత నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నువ్వూ అట్లే ఉన్నావని నమ్మి మొదలుపెడుతున్నాను. ఎండాకాలం సెలవులకు రాలేదని అలిగాను కానీ, నీ మీద అలక నాకు ఒక పూట కూడా నిలవదు. ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పాఠాలు చెప్పే బడికి ఎందుకొచ్చిందని మీ హెడ్మాస్టరు గారు అడిగితే, మా చెల్లెలికి బుద్ధి తక్కువండీ అని చెప్పెయ్. అసలు కారణం చివర్లో రాస్తాను. ముందే చివరికి పోయి చదివావో, నీకూ నాకూ మాటల్లేవు.

మా కంప్యూటర్ షాపు సంగతి చెప్పాలి. మా ఓనరు హరినాథ్ సార్ రాసిన పాల ప్రోగ్రామును పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పాలకేంద్రానికి అమ్మాం. పాలు పోసేవాళ్ళ నంబరు కొడితే పేరు, లీటర్లు, వెన్న శాతం అన్నీ చీటీ మీద అచ్చయి వస్తాయి. ఉన్నట్టుండి మధ్యలో కూలిపోతోందని అక్కడినుంచి ఒకటే ఫోన్లు. షాపులో మేం ఎట్లా తిప్పి చూసినా లక్షణంగా నడుస్తోంది. కరెంటు సరిగ్గా ఉండదేమో అని సార్ తేల్చేశారు. నాకు నమ్మకం కుదరక పోయిన వారం ఒకరోజు పొద్దున్నే బస్సెక్కాను.

అక్కడికి పోతే కథ వేరు. కేంద్రం చూసుకునే ఈరప్ప నన్ను పక్కకు పిలిచి, మిషన్లో ఏం లేదమ్మా, ఆ సిద్దమ్మ వస్తానే నిలిచిపోతాండాది, ఆయమ్మ చెయ్యి అట్లాంటిది, రేపట్నుంచి రావద్దని చెప్పేస్తా అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు కూడా తలలూపారు. సిద్దమ్మ పాలక్యాను పట్టుకుని అందరికన్నా వెనక నిలబడి ఉంది. ఉన్నది ఒక్క ఆవు, దాని పాలతోనే ఆమె పొయ్యి వెలగాలి. నా దగ్గరికొచ్చి, నా పాలేం పాపం జేసినాయమ్మా, నువ్వన్నా సూసి చెప్పు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది అక్కా. కానీ ఈరప్ప మాటలో ఒక ముక్క నిజమే. వేరేవాళ్ళ నంబర్లు కొడితే నడిచింది, ఆమె నంబరు కొట్టగానే నా కళ్ళముందే కూలింది.

ప్రోగ్రాము కూలేటప్పుడు ఆ క్షణాన దాని కడుపులో ఏముందో అంతా ఒక ఫైలుగా పడేసి పోతుంది. పడేయమని మనం ముందే చెప్పి ఉండాలి, అంతే. ఆ ఫైలు పెట్టి, తప్పు ఎక్కడుందో వెతికిపెట్టే జీడీబీ అనేదాన్ని తెరిచాను. దాంట్లో బొమ్మలుండవు, మౌసుతో పని లేదు. నల్లటి తెర మీద మనం ఒక మాట కొడితే అది ఒక జవాబిస్తుంది. అచ్చం మన అమ్మ పంచాయితీ అనుకో. గాజుగ్లాసు పగిలితే అమ్మ అరవదు కదా. చివర పట్టుకున్నదెవరు, వాళ్ళ చేతికిచ్చిందెవరు, వాళ్ళను వంటింట్లోకి పంపిందెవరు అని వెనక్కి వెనక్కి అడుగుతుంది, చివరికి అది నువ్వే అని తేలుతుంది. జీడీబీలో దానికి బీటీ అని కొడితే చాలు. లెక్క చూసే భాగం చీటీ భాగాన్ని పిలిచిందని, అది పేర్లు రాసే భాగాన్ని పిలిచిందని, అక్కడ ఫలానా లైన్లో కూలిందని వరుసగా చూపించింది. ఆ లైన్లో ఉన్నది ఆడవాళ్ళ చీటీ మీద రాసే భర్త పేరు. అందులో ఏముందో చెప్పమని ప్రింట్ కొట్టాను. సున్నా అంది. అంటే అక్కడ పేరే లేదు. లేని పేరును తెచ్చి చీటీ మీద రాయబోయి ప్రోగ్రాము పడిపోతోంది.

సిద్దమ్మనే అడిగాను. మొగుణ్ణి వదిలేసి వచ్చిందట. కేంద్రంలో కార్డు రాయించేటప్పుడు భర్త పేరు గడి ఖాళీగా పెట్టమందట. ఆడమనిషికి ఆ గడి ఖాళీగా ఉండొచ్చని హరినాథ్ సార్‌కు తోచనే లేదు. పాపం, మంచాయనే. షాపులో పరీక్ష కోసం మేం కల్పించిన ఆడవాళ్ళందరికీ మొగుళ్ళను కూడా కల్పించేశాం. ఇంకెక్కడ కూలుతుంది!

ఫోను చేస్తే సార్, ఆమె మొగుడి పేరే కొట్టెయ్, ప్రోగ్రాము ముట్టుకునే పని లేదు అన్నారు. ఈరప్ప సరేనని కీబోర్డు దగ్గరికి వచ్చాడు. సిద్దమ్మ క్యానుకు మూత పెట్టేసింది. ఆవును మేపేది నేను, పాలు పిండేది నేను, ఆయప్ప పేరు యాలప్పా, అది రాస్తే నేను ఈడ పాలు పొయ్యను అంది. అరవలేదు, ఏడవలేదు. బయట పాల వ్యాను హారన్ కొడుతోంది, వరుసలో గొణుగుడు మొదలైంది. ఒక్క పేరు కొడితే తీరిపోయేదే, నాకు చెయ్యి రాలేదు. కూర్చుని ఆ లైనుకు ముందు ఒక మాట చేర్చాను. పేరుంటే రాయి, లేకుంటే వదిలేసి ముందుకు పో అని.

మళ్ళీ ఆమె నంబరు కొట్టాను. చీటీ కరకరమంటూ బయటికొచ్చింది. పైన సిద్దమ్మ పేరు, దాని కింద ఖాళీ, ఆ కింద లీటర్లు. ఆమెకు చదువు రాదు. ఆ ఖాళీ యాడ ఉండాదమ్మా అని అడిగి, అక్కడ వేలు పెట్టి చూసుకుంది. ఈరప్ప గొంతు సవరించుకుని, ఆయమ్మ చెయ్యి బాగానే ఉండాది, తప్పు మిషన్దే అని అందరికీ వినబడేట్టు చెప్పాడు. సిద్దమ్మ నన్ను వదిలితేనా! ఇంటికి తీసుకుపోయి సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టింది. నీ వంటకన్నా బాగుందని రాస్తే కోపం తెచ్చుకోకు.

నీ ముద్దుల చెల్లెలు (ముద్దుల అని నేనే రాసుకున్నాను),
నవనీత

తా.క.: ఉత్తరమంతా వెతుక్కో, బావ ఎలా ఉన్నాడని ఒక్కచోటా అడగలేదు. నువ్వు ఎండాకాలం ముందే ఆ ఇల్లు వదిలేసి బడి పక్కన గది తీసుకున్నావని, మీ ఊరినుంచి ఇక్కడి మండీకి టమోటాలు తెచ్చిన చిన్నప్ప మామ నోరు జారాడు. ఒక్కదానివే మన గడప తొక్కడానికి సంకోచపడి నువ్వు రాలేదని నాకు సిద్దమ్మ చీటీ చూశాకే అర్థమైంది. పుంగనూరు నుంచి వచ్చిన రోజే అమ్మకు చెప్పాను. అమ్మ పంచాయితీ పెట్టలేదక్కా. ఎవరు, ఎందుకు అని ఒక్క ప్రశ్న కూడా వెనక్కి అడగలేదు. లేచి నీ దుప్పటి ఉతికి ఆరేసింది. ఆదివారం రా. ఒక్కదానివే రా.