వంగి లోపలికి రండి

ఏమండీ, నిద్ర లేపబుద్ధి కాలేదు. పాలు కాచి మూత పెట్టాను, వేడి చేసుకుని తాగండి. నేను షాపుకు వెళ్తున్నాను. నిన్నటి సోఫాకు ఇంకా గుడ్డ బిగించాలి.

సాఫ్ట్‌వేర్ ఆయన వస్తే మామూలు వెబ్‌సైట్ చాలని చెప్పేయండి. మనకోసమే ప్రత్యేకంగా తయారు చేయించే సాఫ్ట్‌వేర్ వద్దు. ఏ సోఫా పని ఎంతవరకు వచ్చిందో మంచం మీంచే చూసుకోవచ్చని మీరు నిన్నంతా ఊదరగొట్టారు. అదంతా అందులోకి ఎక్కించేదెవరు? మళ్లీ నేనే కదా.

జనం ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, షాపు తెరిచే ఉందా అని. దుమ్ము పడుతుందని మీరు షట్టరు సగం దించమంటారు. వచ్చినవాళ్లు మూసేశామనుకుని వెనక్కి పోతున్నారు. "తెరిచే ఉంది, వంగి లోపలికి రండి" అని వెబ్‌సైట్‌లో పెద్దక్షరాలతో రాయించండి, సరిపోతుంది.

ఇది కోపం కాదు, ఓపిక లేదు అంతే. మీ నడుం నొప్పి మందు దిండు పక్కనే ఉంది.

మర్చిపోయాను. వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. ఇన్నేళ్లూ ఫోన్ మోగినప్పుడల్లా నోట్లో పెట్టుకున్న సోఫా మేకులు ఉమ్మేసి హలో అన్నది నేనే.