తెర లేకుండా వేయాల్సిన పాచిక

విస్కాన్సిన్ రాష్ట్రం, మానిటోవాక్ కౌంటీ, టూ రివర్స్ ఊళ్ళో ఉంటున్న ఆర్డిస్ మే టెష్ అనే నేను, కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైనదాన్ని, పెళ్ళి చేసుకోనిదాన్ని, నా చేత్తో నేనే రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు గొట్టం తగిలించుకుని, ఆక్సిజన్ మిషన్ గురక వింటూ రాస్తున్నాను. బుద్ధి మాత్రం పాడవలేదు. పాడైందని ఎవరైనా కోర్టులో వాదించదలిస్తే, ముందు నేను తయారుచేసిన పోరు ఒకటి ఆడి, ప్రాణాలతో బయటపడి, ఆ తర్వాత వాదించాలి. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. కోపం ఉంది. కోపం ఒత్తిడి కిందికి రాదని లాయరు గారిని అడిగి తెలుసుకున్నాను.

కోర్టువారికి అర్థం కావడానికి ఒక సంగతి ముందే చెప్పాలి. నా ఇంటి బేస్‌మెంట్‌లో ప్రతి శుక్రవారం, క్లబ్బులో చేపల వేపుడు తినివచ్చాక, మేము కొందరం ఒక ఆట ఆడతాం. బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరికీ ఒక్కో వీరుడో వీరురాలో ఉంటారు. ఒకరు మాత్రం అట్ట తెర వెనక కూర్చుని కథ నడుపుతారు, భూతాలన్నిటి తరఫునా ఆడతారు. కత్తి తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. తెర వెనక కుర్చీలో మొన్నటి శరదృతువు దాకా కూర్చున్నది నేను. జుట్టు నల్లగా ఉన్నప్పుడు కూర్చున్నాను, తెల్లబడి రాలిపోయేదాకా కూర్చున్నాను. తెర చాటున మ్యాపులు దాచాను గాని పాచిక ఎన్నడూ దాచలేదు. అందరి ముందూ, బల్ల నడుమే వేశాను.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా చెల్లెలు లవర్న్ టెష్‌ది. ఒప్పుకోకపోయినా ఆమెదే. ఆమె మీద నాకున్న ఫిర్యాదులు రాయాలంటే ఇంకో దస్తా కాగితాలు కావాలి గనుక ఒక్కటే రాస్తాను. చిన్నప్పుడు నాకు తట్టు పోసి మంచాన పడితే, కాలక్షేపానికని పేక తెచ్చి, ఒళ్ళు కాలిపోతున్న అక్కను ప్రతి ఆటలోనూ ఓడించింది. "ఒక్కసారి దాన్ని గెలవనివ్వవే, జ్వరంతో ఉంది" అని అమ్మ బతిమాలితే, "జ్వరం దాని ఒంటికి కదమ్మా, పేకముక్కలకు కాదుగా" అంది. ఆ మాటకు నేను ఆమెను క్షమించలేదు. మా ఆటను ఇప్పటికీ పిల్లల ఆట అంటుంది. అదీ క్షమించలేదు.

రెండు. నా ఇల్లు, పికప్ బండి, బ్యాంకులో ఉన్నదంతా సర్వహక్కులతో లవర్న్‌కే చెందాలి. మా డాక్టరు ఎప్పుడు వెళ్ళినా "నిలకడగానే ఉందండీ, చూద్దాం" అంటాడు, నా మొహం తప్ప గదిలో ఉన్నవన్నీ చూస్తూ. లవర్న్ మాత్రం వంటగదిలో గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది: "అక్కా, వచ్చే ఎండాకాలం దాకా నువ్వుండవు. వరండాకు రంగు నేనే వేయించుకుంటాలే, నువ్వు తొందరపడి డబ్బు తగలెయ్యకు." ఆమె మీదికి చెప్పు విసిరాను. తగల్లేదు. వరండాకు ఆకుపచ్చ రంగు వేయిస్తే మాత్రం ఊరుకోను.

మూడు. ఎరల్ స్టబీకి, నేను చెక్కి రంగులద్దిన రెక్కల పాము బొమ్మ ఇవ్వాలి. అతని వీరుల్లో ఎక్కువమందిని మింగింది అదే. ప్రతిసారీ బీరు డబ్బా బల్ల మీద కొట్టి, "నువ్వు మమ్మల్ని చంపడానికే కూర్చుంటావే ఆర్డిస్, నీకదో సరదా" అని అరిచేవాడు. అబద్ధం. చంపాలనుకుంటే నాకెంతసేపు? కొండంత రాక్షసుడిని దించితే చాలు. ఎరల్, నిన్ను చంపింది నేను కాదు, నీ తొందర. ఆ పాము గుహ బయట సగం కాలిన గొర్రెలు పెట్టాను, గాలిలో గంధకం వాసన పెట్టాను, పారిపోయి వచ్చిన గొల్లవాడితో "లోపలికి పోకండి బాబూ" అనిపించాను కూడా. నువ్వు ఆ గొల్లవాడిని పక్కకు తోసి లోపలికి పోయావు. పైగా అలిగి నెలంతా రాలేదు. చచ్చిన నీ వీరుల బొమ్మలన్నీ నా కుట్టుపని డబ్బాలో ఉన్నాయి. విరిగిన కత్తులు అతికించాను, ముక్కులకు మళ్ళీ రంగు వేశాను. అవీ నీకే. ఆ డబ్బా మాత్రం లవర్న్‌కు తిరిగి ఇచ్చెయ్.

నాలుగు. ట్రూడీ హలమాకు బేస్‌మెంట్‌లోని పెద్ద ఓక్ బల్ల. ఏ పోరులోనైనా దిగేముందు బయటికి దారి ఎటుందని అడిగేది ట్రూడీ ఒక్కతే. ఒకసారి వంతెన మీద, ఆమె దొంగపిల్ల ఒంట్లో ఒక్క దెబ్బకు సరిపడా బలం మిగిలి ఉండగా, నేను బల్ల నడుమ పాచిక వేశాను. రెండు పడింది. భూతం కత్తి గాలిని నరికింది. అప్పుడు ట్రూడీ పెట్టిన అరుపుకు, పైన వంటగదిలో ఉన్న లవర్న్ చేతిలోంచి సూప్ గిన్నె జారిపడింది. ఎదురింటి ఆయన పోలీసులను పిలిచాడు. ఎరల్ కుర్చీ ఎక్కి గంతులేశాడు, కుర్చీ విరిగింది. ఇన్నేళ్ళలో నేను సంపాదించిన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ అరుపే. అది నిజంగా బతికిన మనిషి అరుపు. బల్ల ఆమెకు ఇస్తున్నది ఆ రాత్రికి గాను. కింద అయిదో అంశంలో రాసినదానికి గాను ఆమెకు ఇస్తున్నది చీవాట్లు. మొన్న గుమ్మంలో పెట్టి పారిపోయిన చాక్లెట్ బిళ్ళలు తిన్నాను ట్రూడీ, బాగున్నాయి. అవి క్షమాపణ కింద జమ కావు.

అయిదు. ఇక వెండెల్ బోన్. బళ్ళో పిల్లలకు బాకా ఊదడం నేర్పి రిటైరైన పెద్దమనిషి, నా స్నేహితుడు, ద్రోహి.

మొన్న శరదృతువులో నాకు ఊపిరి చాలడం మానేసింది. ముగ్గురు రాక్షసుల గొంతులతో సాయంత్రమంతా గర్జించడం ఇక నావల్ల కాలేదు. కుర్చీ వెండెల్‌కు ఇచ్చి, జీవితంలో మొదటిసారి బల్లకు ఇవతలి వైపు వచ్చి కూర్చున్నాను. నాకూ ఒక వీరురాలిని చేసుకున్నాను. పేరు గ్రెన్నా, పడవ నడిపే ముసలిది, చేతిలో డాలు. ఇన్నేళ్ళు వీళ్ళకు వడ్డించిన భయం ఒక్కసారైనా నేనూ తినాలని నా ఆశ. చిన్న ఆశే. ఎవరినీ ఏమీ అడగని నేను అడిగింది అదొక్కటి.

జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద పోరు వచ్చింది. మంచు కింద నుంచి జడల భూతం లేచింది. ఆ భూతానికి ఎంత బలం, తప్పించుకోవడానికి ఎన్ని దారులు అని ఆ పోరును తూచినది కూడా నేనే, కుర్చీ దిగకముందే రాసిపెట్టి వెండెల్‌కు ఇచ్చాను. దానికి కావాల్సింది మా గుర్రం. గుర్రాన్ని వదిలేస్తే అది పోతుంది. చేపలు పట్టేవాళ్ళ గుడిసె ఒకటి మంచు మీద ఉంది, అందులో దూరొచ్చు. ఒడ్డుకు పరుగెత్తితే మంచు పగులుతుంది, కాని వెండెల్ పాత వీరుడితో కలిపి మా నలుగురిలో ముగ్గురు దాటొచ్చు. మిగతా ముగ్గురూ ఖాయంగా దాటాలంటే ఎవరో ఒకరు వెనక నిలబడాలి. గ్రెన్నా నిలబడింది. నేనే నిలబెట్టాను. గుండె దడదడలాడింది, చెమట పట్టింది, ఆక్సిజన్ గొట్టం కూడా మర్చిపోయాను. ఆహా, ఇదా వీళ్ళు ఇన్నేళ్ళు నా దగ్గర అనుభవించింది అనుకున్నాను.

భూతం కొట్టింది, తప్పింది. మళ్ళీ కొట్టింది, తప్పింది. వెండెల్ తెర వెనకే పాచిక వేసుకుని, కనుబొమ్మలు ఎగరేసి, "అబ్బ, నీ పక్కన మంచు పగిలిందంతే, అదృష్టవంతురాలివి ఆర్డిస్" అన్నాడు. ఎనిమిది గాని ఆ పైన గాని పడితే గ్రెన్నాకు తగలాలి. అది నేను రాసిన లెక్క. మధ్యలో బాత్రూముకు లేచి, గొట్టం ఈడ్చుకుంటూ అతని కుర్చీ వెనకగా వస్తుంటే, అతను అప్పుడే పాచిక విసిరి "ఇదీ తప్పింది" అంటున్నాడు. పాచిక మీద ఇరవై ఉంది. ఇరవై! అంతకన్నా పెద్ద దెబ్బ ఈ ఆటలోనే లేదు. తలెత్తి మిగతావాళ్ళను చూశాను. ఎరల్ బీరు డబ్బా మీద రాతలు చదువుతున్నాడు. ట్రూడీ బల్ల గీకుతోంది. అందరికీ తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

"నువ్వు సంతోషంగా ఉండాలనే కదా, అంతలా మీద పడతావెందుకు?" అన్నాడు వెండెల్. "పోనీలే ఆర్డిస్, ఆటే కదా" అంది ట్రూడీ. ఆవాల ముద్ద సీసా గోడకేసి కొట్టి ముగ్గురినీ బయటికి నడవమన్నాను. ఆ మరక ఇంకా గోడ మీద ఉంది. ఇల్లు లవర్న్‌ది అయ్యాక తుడవడమా మానడమా ఆమె ఇష్టం.

వెండెల్, నీకు వినపడేలా ఈ కాగితంలో రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని లాయరు గారు పైకి చదువుతారు, నువ్వు లేచిపోలేవు. పోరు తూచడమంటే భూతానికి కండలు పెంచడం కాదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఒంటరి భూతం ఎంత లావుదైనా, అది ఒక దెబ్బ కొట్టేలోపు నలుగురు నాలుగు కొడతారు. ఆరుగురు బక్క దొంగలు అంతకన్నా ప్రమాదం. చేతులెన్నో చూడు. నేల ఎలాంటిదో చూడు. పొద్దున్నుంచి వాళ్ళు ఎంత అలిసి ఉన్నారో చూడు. శత్రువుకు ఏం కావాలో ముందు తేల్చుకో, అప్పుడు వాడితో బేరమాడే దారి ఒకటి ఉంటుంది. దయ చూపించాలంటే ఇవన్నీ రాసేటప్పుడే చూపించు. ఇంకో గుడిసె పెట్టు, భూతాన్ని కుంటిదాన్ని చెయ్, నిన్నెవరడిగారు? పాచిక చేతిలోంచి జారాక మాత్రం నోరు మూసుకో. అప్పుడు నువ్వు చూపించేది దయ కాదు, దొంగతనం. గ్రెన్నా వెనక నిలబడింది చచ్చిపోవచ్చని తెలిసే. ఆమె చావకుండా నువ్వు ముందే ఏర్పాటు చేశావు. అంటే ఆమె నిలబడనే లేదు. నా ఒక్క ధైర్యాన్నీ నాకు తెలియకుండా ఎత్తుకుపోయావు. ఇంటికొచ్చే ఆసుపత్రి నర్సు "ఇవాళ మీ మొహం కళగా ఉందండీ" అంటుంది. నా సొంత బేస్‌మెంట్‌లో కూడా అదే వినాలా?

వెండెల్‌కు నా మ్యాపులు, బొమ్మలు, పుస్తకాలు, కుర్చీ చెందాలి, కింది ఆరో అంశం సక్రమంగా జరిగితేనే. జరగకపోతే అన్నీ ఊరి లైబ్రరీకి పోవాలి. అట్ట తెర ఎవరికీ ఇవ్వడం లేదు. లవర్న్ దాన్ని పెరట్లో చెత్త కాల్చే పీపాలో వేసి కాల్చాలి. వెండెల్ దగ్గరుండి చూడాలి.

ఆరు. నన్ను పూడ్చిన తర్వాత వచ్చే శుక్రవారం, చేపల వేపుడు అయ్యాక, ముగ్గురూ నా బేస్‌మెంట్‌కు రావాలి. పోరు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవ్వాలి. సరస్సు దగ్గరికి రాకముందు తగిలిన గాయాల వల్ల గ్రెన్నా ఒంట్లో ఇంకొక్క దెబ్బకు సరిపడా బలమే ఉంది. అంతకు ముందు తగలాల్సిన దెబ్బలన్నీ తగిలినట్టే లెక్క కడితే ఆమె ఎప్పుడో పోయేది. కాని నేను చూడని పాచికలకు నేను లెక్క చెప్పలేను. చూసిన ఇరవైని వెండెల్ ముందే తప్పిందని ప్రకటించాడు, ప్రకటించింది వెనక్కి తీసుకోవడం మా ఆటలో లేదు. కాబట్టి నా వంతుకు గ్రెన్నా డాలెత్తి అక్కడే నిలబడినట్టు రాసుకోండి, ఆ తర్వాతి వంతు భూతానిదే. ఒక్క పాచిక వేయాలి, బల్ల నడుమ, అందరూ చూస్తుండగా. ఎనిమిది గాని ఆ పైన గాని పడితే గ్రెన్నా పోతుంది. ఎవరూ వాదించకూడదు, రెండోసారి వేయకూడదు, బల్ల అదిరిందనకూడదు.

ఆ పాచిక వేయాల్సింది వెండెల్ కాదు, ట్రూడీ కాదు, ఎరల్ అసలే కాదు. లవర్న్ వేయాలి. నాకు తెలిసినవాళ్ళలో, జబ్బుపడ్డ నన్ను ఒక్కసారి కూడా గెలవనివ్వని మనిషి ఆమె ఒక్కతే. ఒసే లవర్న్, పిల్లల ఆట అని మూతి తిప్పకు. పేక వేసినట్టే వెయ్. అక్క అని చూడకు.

ఏడు. చర్చిలో ఎవరూ "ఆర్డిస్ ప్రశాంతంగా వెళ్ళిపోయింది" అనకూడదు. నిజంగా ప్రశాంతంగా పోతే అనవచ్చు. అది లవర్న్‌ను అడగాలి, ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఎనిమిది. గ్రెన్నా చనిపోతే, మంచులో గొయ్యి తవ్వకుండా, పడవలో పడుకోబెట్టి సరస్సు కరిగేదాకా ఆగండి. ఏడవాలనిపిస్తే ఏడవండి. దాటిన ముగ్గురు ఆమె వల్లే దాటారు, ఈసారి నిజంగా దాటారు.

బతికితే, గ్రెన్నా లవర్న్‌కు చెందాలి. ఆమె వద్దంటుంది. డాలు చేతిలో పెట్టి కూర్చోబెట్టండి. మొదటి రోజని, కొత్తదని, అక్క పోయిన మనిషని ఎవరూ ఆమెకు పోరు తేలిక చేయకూడదు.

ఎనిమిదికి కింద పడితే మాత్రం, తెర లేకుండా, నా చెల్లెలి చేతిలోంచి, అందరి కళ్ళ ముందూ పడితే, అప్పుడు ఆ ఇరవైకి గాను మిమ్మల్ని ముగ్గురినీ క్షమించినట్టే. నేను పెట్టలేకపోయిన అరుపు నా బదులు మీరు పెట్టండి. కుర్చీలు విరగనివ్వండి. ఎదురింటి ఆయన మళ్ళీ పోలీసులను పిలిచేలా అరవండి.

పైవన్నీ నేనే రాసి, చదువుకుని, కోపం తగ్గిందేమోనని ఒక పూట ఆగి చూసి, తగ్గలేదని నిర్ధారించుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

2019 ఫిబ్రవరి 19, టూ రివర్స్.

(సంతకం) ఆర్డిస్ మే టెష్

సాక్షులు:
1. హ్యూబర్ట్ వానెక్, ఎదురింటి నివాసి. పోలీసులను పిలిచింది ఈయనే. ఈ వీలునామాలో ఈయనకు ఏమీ రాదు.
2. నాన్సీ క్లెయిన్‌హాన్స్, లాయరు గారి గుమాస్తా. గ్రెన్నాకు ఏమవుతుందో తనకూ కబురు చేయమని అడిగింది. లవర్న్ చెబుతుంది.