ముఖమంత ఫోటో

ఆదోని,
12-11-1989

చిరంజీవి సౌభాగ్యవతి ఇందిరకు నాన్న ఆశీర్వాదాలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాము. బళ్లారిలో నువ్వూ అల్లుడుగారూ పాపా క్షేమమని తలుస్తాను. నూనె రాస్తే పాప ఏడుస్తోందని రాశావు. గోరువెచ్చగా చేసి రాయమని అమ్మ చెప్పమంది.

పాప నీ పోలికేనా అని చూడడానికి మీ అత్తగారు నీ పసినాటి ఫోటో అడిగారన్నావు. స్టూడియో ఉన్న నాన్న నాకు ఒక్కటీ తీయలేదా అన్నావు. ఒకటి తీశాను. అది కోసిగిలో లింగమ్మ ఇంట్లో ఉంది.

అప్పుడు నీకు మూడో నెల. కోసిగి దంపతులు సుంకప్ప, లింగమ్మల కూతురు, నీ ఈడుదే, వైద్యానికి తెస్తే ఆదోనిలో జ్వరంతో పోయింది. పూడ్చేలోగా ఫోటో కావాలని నన్ను పిలిచారు.

"మొగం ఎంతుందో అంతే రావల్లన్నా. నా సెయ్యి పెడితే సరిపోవల్ల" అన్నది లింగమ్మ.

అంత పెద్దగా రావాలంటే కెమెరాను బాగా దగ్గరికి జరిపి, దాని తోలు తిత్తిని రెండింతలు సాగదీయాలి. సాగదీసి, ఎప్పటిలాగే ఒక సెకను లెన్సు తెరిచి ఉంచాను. తిత్తి సాగేకొద్దీ ఫిల్ముకు చేరే వెలుతురు పలచబడుతుందని నాకు చెప్పినవారు లేరు. కడిగితే ఫిల్ము మీద కనురెప్ప గీత కూడా లేదు. అప్పటికే బిడ్డను పూడ్చి వచ్చారు.

మర్నాడు నిద్రపోతున్న నిన్ను అదే దూరంలో, అదే వెలుతురులో పెట్టి ఒకటి, రెండు, నాలుగు సెకన్లు ఇచ్చి చూశాను. నాలుగుకు సరిగ్గా వచ్చింది. ఆ నాలుగు సెకన్లూ నువ్వు కదలలేదు. లెన్సు మూయగానే నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

సాయంత్రం లింగమ్మ వచ్చింది. ఫిల్ము చెడిపోయిందని చెప్పాలనే తలుపు తీశాను. ఆరేసిన నీ ఫోటో ఆమె కంటబడింది. ఫోటోలోని చెంప మీద అరచెయ్యి ఆనించి, "సరిపోయింది" అన్నది. దాన్నే కాగితంలో చుట్టి ఇచ్చాను. తర్వాత నెగటివ్ కాల్చేశాను.

ఆనాటినుంచి ఆ ఇంట్లో నీ ముఖానికి బొట్టు, దండ. నీకు జ్వరం వచ్చినప్పుడల్లా కోసిగి పోయి ఆ ఫోటోను చూసి వచ్చేవాడిని. "ఏమప్పా, ఆదోనిలో మొగాలు అయిపోయినాయా, ఈడిదాకా వస్తివి?" అని సుంకప్ప ఎగతాళి చేసేవాడు. నువ్వు బడికి పోయేదాకా నిన్ను మళ్లీ ఫోటో తీయడానికి చేతులు రాలేదు. ఇది అమ్మకూ తెలియదు.

నీ ఉత్తరం అందాక, నిజం చెప్పాలని కోసిగి పోయాను. ఫోటో వెలిసిపోతోంది, ఒక కాపీ తీసి స్టూడియోలో దాస్తానన్న మాటే నోట వచ్చింది. లింగమ్మ దండ తీసి, కొంగుతో తుడిచి చేతికిచ్చింది.

"పొద్దు గూకేలోపల తెచ్చియ్యన్నా. నా బిడ్డ ఒక్క రాత్రి కూడా ఇల్లు ఇడిసి ఉండలేదు."

కాపీ తీసుకుని, సాయంత్రం బండికే పోయి ఆమె ఫోటో ఆమెకు ఇచ్చి వచ్చాను.

ఆ కాపీ ఇందులో పెట్టాను. నుదుటి మీది మరక ఆమె పెట్టిన కుంకుమది. చెరపలేకపోయాను. లింగమ్మకు నిజం చెప్పాలో వద్దో, బిడ్డను కన్నదానివి, నువ్వే రాయి. మీ అత్తగారికి చూపించాక పెట్టెలో దాచుకో. గోడకు మాత్రం తగిలించవద్దు.

ఇట్లు,
మీ నాన్న
సేతుమాధవరావు