స్వాతి తీసిన ఒక్క ఫ్రేమ్

ఆగస్టు 12

ఎల్లుండి పోలీసులకు వాంగ్మూలం ఇవ్వాలి. ఇతరుల మాటలు నా జ్ఞాపకంలో కలిసిపోకముందే చూసింది చూసినట్టు రాసుకోవాలి. చూడనిది చూడలేదనే రాయాలి.

నిన్న తొమ్మిదో తరగతి పిల్లలను ఫోటోగ్రఫీ కోసం శామీర్‌పేట నుంచి నగరానికి తీసుకెళ్లాను. మార్కెట్ దగ్గర మా స్కూలు బస్సు ఒక బైకుకు రాసుకుంది. చిన్న గీత. ముగ్గురు యువకులు డ్రైవర్ యాదయ్యను కాలరు పట్టి కిందికి లాగారు. "కండ్లు నెత్తికెక్కినయారా? దిగు!" చెంప మీద, ఆపైన కడుపులో. పెదవి చీలింది. "లోపల పిల్లలున్నరు బిడ్డా... పిల్లలున్నరు..." మళ్లీ కొట్టారు. ఒకడు డ్రైవర్ సీటు వెనకున్న జాకీ రాడ్డు లాగి అద్దాలు పగలగొట్టాడు. గాజు ముక్కలు మా ఒళ్లో. పిల్లల్ని సీట్ల కిందికి నెట్టి, వాళ్ల మీదికి వంగాను.

కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు.

లేచి చూసేసరికి రాడ్డు యాదయ్య చేతుల్లో ఉంది. దానితో అద్దాలు పగలగొట్టిన యువకుడు నేల మీద... చెవిలోంచి రక్తం.

ఆ దెబ్బ నేను చూడలేదు.

ఆగస్టు 13

యువకుడికి స్పృహ రాలేదు. యాదయ్య లాకప్‌లో. కావాలనే కొట్టాడని ఆ యువకుడి స్నేహితులు చెబుతున్నారు. వెళ్లి కలిస్తే యాదయ్యది ఒకటే మాట — "ఆని చేతిలకెళ్లి గుంజుకుంటున్న మేడం. గుంజుడుల తాకింది."

మధ్యాహ్నం, ఆ బస్సులో ఉన్న నా విద్యార్థిని స్వాతి కెమెరా తెచ్చింది. వెనక కిటికీలోంచి తీసిందట. "అందరు కింద పండుకున్నరు, నేను పండుకోలె. తిట్టకుండ్రి మేడం."

ఎన్ని తీశావని అడిగాను.

"ఒక్కటే. మీరే చెప్తరు గద, ఊకె నొక్కుకుంట పోవద్దు, ఆగి ఒక్కటే తియ్యాలని."

చెప్పాను. ఏడాదిగా చెబుతూనే ఉన్నాను.

ఫోటోలో రాడ్డు ఒక కొన యాదయ్య రెండు చేతుల్లో. రెండో కొన యువకుడి తలకు జానెడు ఎత్తున. దాని మీద ఆ యువకుడి చేయి. షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరుచుకుంది, కదులుతున్న రాడ్డు మసగ్గా పడింది. ఆ మసక, రాడ్డు కదిలిన దారిని చూపుతుంది. కిందికైతే కొట్టడం, పైకైతే గుంజుకోవడం; ఏదన్నది చూపదు. వెంటనే తీసిన ఇంకొక్క ఫ్రేమ్ ఉంటే చూపేది.

ఆగస్టు 14

పొద్దున్నే గౌడవెల్లి నుంచి యాదయ్య భార్య లక్ష్మమ్మ వచ్చింది. "కొట్టలేదని ఒక్క మాట చెప్పుండ్రి. గా పిల్లగానికేమన్న అయితే మా ఆయన ఇగ ఇంటికొస్తడా?" టీ ఇచ్చాను. ముట్టలేదు.

స్టేషన్లో యాదయ్య మీద పడిన దెబ్బలన్నీ వరుసగా చెప్పి, రాయించాను. ఫోటో ఉన్న కెమెరా అప్పగించాను. ఎస్‌ఐ తెర మీద వేలు పెట్టాడు. "మీకు తెలిసిన పని ఇది. కొడ్తుండా, గుంజుకుంటుండా?"

తెలియదన్నాను.

లాకప్ లోపలి నుంచి యాదయ్య విన్నాడు.

గుంజుకుంటున్నాడనే నా నమ్మకం. కానీ రాడ్డు దిగుతోందో లేస్తోందో నాకు తెలియదు. ఆ యువకుడు కళ్లు తెరుస్తాడో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.