పాటపాటకీ పెరిగిన జీర

తమ్ముడూ,

నేను డ్యూటీకి పోతున్నా. ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి, అవే తాగు. ఇవాళ గొంతెత్తి పాడావంటే ఊరుకోను.

బ్యాండు వదిలేశాక నువ్వొక్కడివే పాడిన హిట్లన్నీ కలిపి వేస్తున్న ఆల్బం నిన్న పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా విన్నాను. విడివిడిగా విన్నప్పుడు ఎన్నడూ తెలియలేదు గానీ, పాటపాటకీ నీ గొంతులో జీర పెరుగుతోందిరా. జనం అది స్టయిలనుకుని ఈలలు వేశారు. నేనూ వేశాను. చివరి పాట మాత్రం సగంలోనే ఆపేశాను. నాన్నకీ గొంతు జబ్బు ఇలాగే మొదలైంది. నీకప్పుడు ఊహ తెలియదు.

సాయంత్రం గొంతు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. వంకలు చెప్పకు. ఆల్బం వెంట తెచ్చుకో.

అక్క

మరిచాను. స్టూడియో అతను ఫోన్ చేశాడు, ఆ జీరంతా తుడిచేసి పాటలు శుభ్రం చెయ్యనా అని. వద్దన్నాను. ముందు డాక్టర్ని విననీ.