పరుగు తగ్గించిన రోజులు

మార్చి 1, ఆదివారం

చివరి లాంగ్ రన్ అయిపోయింది. ఇరవై రెండో తారీఖు మారథాన్ దాకా ఇక తగ్గించుకుంటూ రావడమే. టేపర్. కోచ్‌ని మా పరుగు గ్రూపులో అందరం విజిల్ అంటాం. ఇప్పటిదాకా ఒళ్ళు మొత్తుకున్నా వినకుండా పరిగెత్తారు, ఈ మూడు వారాలూ అది చెప్పిందే వినండి అన్నాడు.

తమ్ముడు ఎప్పటిలాగే సైకిల్ మీద నీళ్ళ సీసాలతో పక్కనే వచ్చాడు. దారంతా వాగుడే. కటింగ్ షాపువాడు నోరు మూసుకుంటే గిరాకీ ఉండదంటాడు. వాడికి నా ఎడమ కిడ్నీ ఇచ్చి ఆరేళ్ళయింది. ఒక్క కిడ్నీతో మారథానా అని విన్నవాళ్ళంతా నోరెళ్ళబెడతారు. డాక్టరమ్మ మాత్రం నీళ్ళు బాగా తాగండి, నొప్పి మాత్రలు ముట్టుకోకండి, పరిగెత్తండి అంది.

నాకేమీ తక్కువ కాలేదని వాడు కళ్ళారా చూడాలి. నా పరుగంతా అందుకే.

మార్చి 4, బుధవారం

మోకాలు. నిన్నటిదాకా ఈ నొప్పి లేదు.

మార్చి 5, గురువారం

మోకాలు పోయింది. గొంతు మొదలైంది.

మార్చి 8, ఆదివారం

తమ్ముడు రాలేదు. నిన్న షాపులో జనం ఎక్కువ, కాళ్ళు లాగేస్తున్నాయి, ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా అన్నాడు ఫోన్లో. ఒక్కదాన్నే పరిగెడుతుంటే నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. కుడికాలు గట్టిగా పడుతోందా? ఇంటికొచ్చి హాల్లో అటూ ఇటూ గెంతి విన్నాను. కింది వాటా ఆవిడ పైకొచ్చి ఏమైనా పడిందా అని అడిగింది.

మార్చి 10, మంగళవారం

నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో లెన్స్ అరగదీస్తూ పల్స్ చూసుకున్నాను. లెన్స్ ఫ్రేము కన్నా చిన్నదైపోయింది. ఓనర్ ఇంకో లెన్స్ నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 12, గురువారం

పరుగుకి అడ్డం రాకుండా జుట్టు కత్తిరించమని తమ్ముడి షాపుకి వెళ్ళాను. స్టూలు మీద కూర్చుని కత్తిరించాడు. మొహం ఉబ్బినట్టుందేంట్రా అన్నాను. ఇప్పుడే పడుకుని లేచానక్కా, నీ మోకాలి సంగతి చెప్పు అన్నాడు. చెప్పాను. మోకాలు, గొంతు, పిక్క, నిద్ర. వాడు ఊఁ కొట్టాడు. కత్తెర చప్పుడు తప్ప షాపంతా నా గొంతే.

మార్చి 15, ఆదివారం

నడుం. కుడివైపు, పక్కటెముకల కింద. మిగిలిన కిడ్నీ అటువైపే.

మార్చి 16, సోమవారం

తగ్గలేదు. వంగితే పొడుస్తోంది. గ్రూపులో ఎవరో ఇచ్చిన నొప్పి మాత్ర బ్యాగులోంచి తీశాను. లోపల పెట్టాను. మళ్ళీ తీసి చెత్తబుట్టలో పడేశాను.

తమ్ముడికి అసలు తెలియకూడదు. తెలిస్తే పొట్ట కోసుకుని తిరిగిచ్చేస్తానంటాడు. రేపు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్తాను.

మార్చి 17, మంగళవారం

రక్తం ఇచ్చి, స్కానింగ్ చేయించుకుని, కూర్చోడానికి చోటు వెతుకుతుంటే కారిడార్ చివర తమ్ముడు. పక్కన మరదలు. చెప్పులు విప్పేసి ఉన్నాడు. పాదాలు బన్నుల్లా పొంగి ఉన్నాయి. నన్ను చూసి వాటిని బెంచీ కిందికి లాక్కున్నాడు.

నువ్వేంటిక్కడ అన్నాను. నువ్వేంటిక్కడ అన్నాడు. ముందు నువ్వు చెప్పు అన్నాను. పెద్దదానివి, నువ్వే చెప్పాలి అన్నాడు. మరదలు ఆగలేకపోయింది. వదినా, మీరిచ్చిన కిడ్నీ పాడవుతోంది, పోయిన శుక్రవారమే డాక్టరమ్మ వెంటనే ఆసుపత్రిలో చేరమంది, మీ పరుగు అయ్యాక చేరతానని మొండికేసి కూర్చున్నారు, మీతో చెప్తే తన మీద ఒట్టేనన్నారు అంది.

కోపంతో నాకు చెవులు మూసుకుపోయాయి.

డాక్టరమ్మ గదిలోకి ముగ్గురం వెళ్ళాం. నాది కండరం పట్టేయడమే, కిడ్నీ బ్రహ్మాండంగా ఉందంది. తర్వాత వాడి వైపు తిరిగింది. నీ ఒళ్ళు దాన్ని తోసేస్తోంది, మందుకి లొంగచ్చు, లొంగకపోనూవచ్చు, ఇంకా నాన్చితే ఆ కాస్త ఆశా పోతుంది అంది.

ఇప్పుడే చేరు, నేను పరుగు మానేస్తున్నాను అన్నాను. మానేస్తే చేరను అన్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ పోట్లాటేదో బయట పెట్టుకోండి, మంచం మాత్రం ఇప్పుడే రాసేస్తున్నాను అంది.

బయటికొచ్చాక వాడు నా మొహం చూడకుండా మాట్లాడాడు. ఒకటి నీ దగ్గర తీసుకున్నాను, ఇప్పుడు నా మంచం పక్కన కూర్చుంటే ఇది కూడా లాక్కున్నట్టే కదక్కా అన్నాడు. సరే, పరిగెడతాను, నడు అన్నాను. వాడి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని వార్డు దాకా నడిచాను.

మార్చి 17, సాయంత్రం

రెండు వారాలుగా చెవులు రిక్కించి నా ఒళ్ళే విన్నాను. నాలోని ఒక ముక్క అక్కడ కటింగ్ షాపులో ఉంది. దాన్ని వినలేదు. వాడు కూర్చుని పనిచేయడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూసి కూడా మోకాలి గురించి చెప్పాను.

మార్చి 19, గురువారం

తమ్ముడికి సెలైన్‌లో మందు రెండో డోసు. కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఇంకా పైకే. పక్క మంచం ఆయనకి గెడ్డం గీస్తానని బయల్దేరితే నర్సు కత్తి లాక్కుందట. నన్ను చూడగానే ఇవాళ ఎంత పరిగెత్తావు అని అడిగాడు. మూడు కిలోమీటర్లు అన్నాను. పరిగెత్తలేదు.

మార్చి 20, శుక్రవారం

పైకే. సోమవారం దాకా చూసి డయాలసిస్ సంగతి ఆలోచిద్దామని మరదలితో అందట డాక్టరమ్మ. వాడికి చెప్పలేదు. వాడు అడగలేదు.

మార్చి 21, శనివారం

నడుం నొప్పి లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు.

మార్చి 22, ఆదివారం, ఉదయం 5

ఏదైనా అయితే మరదలు ఫోన్ చేస్తుంది. ఫోన్ నడుముకి కట్టుకున్నాను. ఆ బరువెందుకని విజిల్ తిడతాడు. తిట్టనీ.

మార్చి 22, మధ్యాహ్నం

ముప్పై కిలోమీటర్లు దాటాక ఫోన్ మోగింది. కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి. చేతులు చెమటకి జారిపోతున్నాయి, ఫోన్ తియ్యలేకపోతున్నాను. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. తీస్తే అద్దాల షాపు ఓనర్. ఫ్రేముల బీరువా తాళం ఎక్కడ పెట్టావమ్మా అన్నాడు.

రెండో సొరుగులో అన్నాను. ఫుట్‌పాత్ మీద కూలబడి భోరుమని ఏడ్చాను. ఎవరో నీళ్ళిచ్చారు. అంబులెన్స్ పిలవమంటారా అన్నారు. వద్దన్నాను. లేచాను. తర్వాత పరుగు కాదు, ఈడ్చుకుంటూ పోవడమే. కానీ ఆగలేదు.

పూర్తి చేశాను. అట్నుంచి అటే ఆసుపత్రికి. వాడు నిద్రపోతున్నాడు. లేపలేదు. మంచం పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. రేపు పొద్దున్న మళ్ళీ రక్తం తీస్తారు.

మార్చి 24, మంగళవారం

క్రియాటినిన్ దిగుతోంది. నిన్న కొంచెం, ఇవాళ ఇంకొంచెం.

నేనే దిగలేకపోతున్నాను. మారథాన్‌కి కాళ్ళు పట్టేసి, ఆసుపత్రి మెట్లు వెనక్కి తిరిగి, ఒక్కొక్కటే దిగాను. పేషెంటనుకుని ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను.