తలకిందుల అడ్రసు

బాంగర్, మార్చి 1986

చెల్లీ ఎలునెడ్,

మా అమ్మాయి నెరిస్ పెళ్లి కుదిరిందే! సంతోషంలో గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో. హార్లన్ అనే అమెరికా కుర్రాడు ఇక్కడి యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఉత్తరం పంపి "నన్ను చేసుకుంటావా?" అని అడిగితే, ఇది పంపిన "సరే" తొమ్మిది రోజులుగా తిరిగొస్తూనే ఉంది. ఫోన్ చేయవే అంటే, అడిగినచోటే చెప్పాలట! ప్రొఫెసర్లు బుర్రలు గోక్కున్నారు. ముప్పై ఏళ్లు తపాలాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసినవాణ్ణి, నేనే వెళ్లి చూశాను.

"అడ్రసులో దేశంలాంటి పెద్ద పేరు ముందూ, ఊరులాంటి చిన్న పేరు వెనకా రాశావేమే?"

"మన దేశపు యంత్రాలకు అంతే నాన్నా. వాళ్లది తిరగేసి ఉంటుంది."

"ఉత్తరం వెళ్లేది వాళ్ల దగ్గరికి కదటే, మొద్దూ!"

తిరగేసి రాసింది. గంటలో అతని జవాబొచ్చింది: "బతికించావు!"

మీ ఆయన ఇడ్వల్‌కు, గెథిన్ తమ్ముడికి, డిల్వెన్ అక్కకు చెప్పు. "ఆ పిల్ల కంప్యూటర్నే కట్టుకుంటుంది" అన్న మోర్విడ్ వదినకు మాత్రం రెండుసార్లు చెప్పు.

మీ అన్నయ్య